నల్లమలలో నిప్పు ఎవరి చేతిలో ఉండాలి?

ఫిబ్రవరి నడిమికల్లా నల్లమలలో టేకు ఆకు చాలావరకు రాలిపోతుంది. అక్కణ్ణుంచి తొలకరి పడేదాకా ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులో, తెలంగాణ వైపు అమ్రాబాద్‌లో అటవీ సిబ్బందికి కంటి మీద కునుకుండదు. ఈ సంవాదంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు. ఒకరు ఆ అడవిలోనే పనిచేసి రేంజ్ ఆఫీసరుగా రిటైరయిన పెద్దాయన. రెండోది ఆయన అన్న కూతురు; అటవీ పర్యావరణం చదువుకుని, చెంచు తెగవాళ్ల పెంటల్లో, అంటే అడవిలోని గూడేల్లో, సామూహిక అటవీ హక్కుల పని చేస్తోంది. పాత్రలు కల్పితం. వాదాలు మాత్రం అడవి అంచు ఊళ్లలో, శాఖ ఆఫీసుల్లో ఏటా వేసవికి వినబడేవే.

అమ్మాయి: డిసెంబరు, జనవరిలో మీ శాఖ వేసవి మంట పాకకుండా ఫైర్ లైన్లు కాలుస్తుంది కదా బాబాయ్. అదే నెలల్లో ఒక చెంచు తన పెంట చుట్టూ ఎండిన గడ్డికి నిప్పు పెడితే కేసవుతుంది. రెండూ నిప్పే. తేడా ఏమిటో చెప్పండి.

బాబాయ్: నిప్పు ఒకటేనమ్మా, పని ఒకటి కాదు. ఫైర్ లైను కాల్చడం ఎప్పుడైనా దగ్గరుండి చూశావా? ముందు రెండంచులా ఆకూ అలమూ ఊడ్చి మట్టి బయటపడేట్టు చేస్తాం. నడుమ ఉన్న గడ్డి కోసి అక్కడే పరిచి ఎండనిస్తాం. కాల్చే రోజు పొద్దున మంచు ఆరేదాకా ఆగుతాం, గాలి లేచేలోగా ముగించాలి. గాలి ఎటు వీస్తోందో చూసి, మంట గాలికి ఎదురు నడిచేట్టు అంటిస్తాం. అలాగైతే మెల్లగా పోతుంది, మన చేతిలో ఉంటుంది. రెండు పక్కలా మనుషులు పచ్చి మండలు పట్టుకుని దాని వెంటే నడుస్తారు. రవ్వ గీత దాటితే అక్కడికక్కడే అణిచేస్తారు. పని అయ్యాక కూడా వదలం. ఎక్కడైనా ఎండు దుంగ లోపల రాజుకుందేమోనని సాయంత్రం మళ్లీ తిరిగి చూస్తాం. ఇంత జాగ్రత్త పడ్డా ఒక్కోసారి తప్పిపోతుంది. అగ్గిపుల్ల గీసి తన దారిన తాను పోయేవాడితో దీన్ని పోలుస్తావా?

అమ్మాయి: ఆ మండలు పట్టుకుని నడిచేది ఎవరు?

బాబాయ్: చెంచులే ఎక్కువ. ఫైర్ వాచర్లలో, బేస్ క్యాంపుల్లో వాళ్లు లేకపోతే మా పని నడవదు. ఆ మాట ఎక్కడైనా ఒప్పుకుంటాను.

అమ్మాయి: మరి కూలికి వచ్చినప్పుడు నిప్పు సంగతి తెలిసినవాడు, తన పెంట దగ్గర అదే పని చేస్తే తెలియనివాడు ఎలా అవుతాడు? నిప్పును అడవిలోంచి పూర్తిగా తరిమేయాలనే ఆలోచన ఈ నేలది కాదు. 1860లలో సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని బోరి అడవిలో ఇంగ్లీషువాళ్లు నిప్పు కాపలా మొదలుపెట్టారు. వాళ్లకు కావలసింది కలప. గడ్డికోసం, పోడుకోసం నిప్పు పెట్టే జనం ఆ కలపకు శత్రువులుగా కనబడ్డారు. ఆ పద్ధతే దేశమంతా పాకింది. తీరా బర్మా టేకు అడవుల్లో ఏమయింది? నిప్పు ఆపిన చోట టేకు మొలకలు రావడం తగ్గింది, నీడకు తట్టుకునే చెట్లూ వెదురూ కమ్మేశాయి. 1896లోనే స్లేడ్ అనే అటవీ అధికారి బర్మాలో నిప్పు కాపలా మితిమీరిందని ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో రాశాడు. ఉత్తర బెంగాల్, అస్సాం సాల్ అడవుల్లోనూ ఇదే అనుభవం. అమెరికా సంగతి మీకు తెలిసిందే. 1910లో పడమటి రాష్ట్రాల్లో పెద్ద మంటలు వచ్చాక ప్రతి నిప్పునూ ఆర్పి తీరాలని పంతం పట్టారు. 1935లో అయితే, ఎక్కడ మంట కనబడినా మర్నాడు ఉదయం పది గంటలలోపు అదుపులోకి రావాలని రూలే పెట్టారు. కాలకుండా మిగిలిన పుల్లా పుడకా, పొదా పోగుపడి, తర్వాత తరాలకు అంతకంటే పెద్ద మంటలు మిగిలాయి.

బాబాయ్: ఇదిగో, ఇక్కడే నీతో నాకు తగువు. అమెరికా కథ నల్లమలకు అతకదు. అక్కడ పైన్, ఫర్ చెట్లు. ఆకుల్లో జిగురుంటుంది, మంట చెట్టు తల పట్టుకుని ఒక తల నుంచి ఇంకో తలకు దూకుతుంది. మనది ఎండుటాకు అడవి. మంట నేల మీద పాకుతుంది, మామూలుగా మోకాలెత్తు దాటదు. ఇక పోగుపడటం అంటావా? ఏటా రాలిన ఆకును వానాకాలంలో చెదలూ తేమా కలిసి చాలావరకు తినేస్తాయి. పదేళ్ల ఆకు పొరలు పొరలుగా పడి ఉండదు. ‘ఇవాళ కాల్చకపోతే రేపు ప్రళయం’ అనే లెక్క మన అడవికి అంత సులువుగా కుదరదు. బర్మా అంటావా, వానలు దండిగా ఉన్న టేకు అడవులవి. మన టేకుకు వెలుతురు కరువు లేదు, నీళ్లే కరువు. ఏటా కాలే చోట ఏమవుతుందో నేను చూశాను. నల్లమద్ది, ఏగిస, చిరుమాను మొలకలు మొదలుదాకా కాలిపోతాయి. వేరు బతికి ఉండి మళ్లీ చిగురు వేస్తుంది. మళ్లీ వేసవికి మళ్లీ కాలుతుంది. ఏళ్ల తరబడి ఆ మొక్క మోకాలెత్తు దాటదు. పైన పెద్ద చెట్లు పచ్చగానే ఉంటాయి, దారిన పోయేవాడికి అడవి బాగానే కనబడుతుంది. ఆ పెద్ద చెట్టు పడిపోయిన రోజున దాని చోటికి రావలసినది తయారుగా ఉండదు.

అమ్మాయి: ఆకు సంగతి మీరు చెప్పింది నిజం, ఒప్పుకుంటాను. గడ్డి సంగతో? బోదగడ్డి మనిషెత్తు పెరిగి ఎండి నిలబడుతుంది. లంటానా కంప సంగతో? అది ఏడాదికి కుళ్లిపోయేది కాదు. నేల మంటను చెట్టు తల మీదికి ఎక్కించే నిచ్చెన అది. 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బందీపూర్‌లో దాదాపు 10 వేల ఎకరాలు కాలిపోయింది. లంటానా దట్టంగా అల్లుకున్న అడవుల్లో అదొకటి.

బాబాయ్: కాల్చితే లంటానా పోతుందనుకుంటున్నావా? మొదటి వానకే మొదలు నుంచి ఇంకా గుబురుగా లేస్తుంది.

అమ్మాయి: ఇప్పుడు కాల్చితే పోదు. అది రాకముందు, వచ్చిన కొత్తలో చిన్న చిన్న మంటలు ఆపకుండా ఉండి ఉంటే అంత కమ్మేది కాదని సోలిగ తెగవాళ్లు అంటారు. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో వాళ్లు ‘తరగు బెంకి’ అనేవాళ్లు, రాలిన ఆకుకు ఎండలు ముదరకముందే పెట్టే నిప్పు. 1970లలో అక్కడ అభయారణ్యం వచ్చాక దాన్ని ఆపేశారు. తర్వాత అక్కడ పనిచేసిన పరిశోధకులు సోలిగలతో కలిసి చూసినదేమిటంటే, లంటానా పెరిగింది, ఉసిరి చెట్లను బదనిక పట్టి పీల్చేయడం పెరిగింది. ఆ ఉసిరికాయే సోలిగలకు రాబడి. నిప్పు ఆపిన వాళ్లకు ఆ నష్టం తగల్లేదు బాబాయ్, అడవిలో ఉన్నవాళ్లకు తగిలింది.

బాబాయ్: మంచి ఉదాహరణే. కానీ చెంచులు సోలిగలు కారు. సోలిగలు పోడు చేసినవాళ్లు, నిప్పుతో వాళ్లకు పొలం పొత్తు ఉంది. చెంచులు గడ్డలు తవ్వి, తేనె తీసి, వేటాడి బతికినవాళ్లు. 1940 ప్రాంతంలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిలో వాళ్లతో తిరిగి 1943లో పుస్తకం వేశాడు. ఆయన చూసింది తిండి ఏరుకుంటూ తిరిగే మనుషుల్ని. అడవినంతా ఒక పద్ధతి ప్రకారం కాల్చే మనుషుల్ని కాదు. సోలిగల సంప్రదాయం తెచ్చి చెంచుల మెడలో వేసి, ‘ఇది మీ పూర్వీకుల జ్ఞానం’ అంటే వాళ్లకు నువ్వు చేసే మేలేమిటి?

ఇక్కడ నా మాట ఒకటి చేర్చాలి. అడవి బిడ్డల జ్ఞానం గురించి మన పత్రికల్లో వచ్చే రాతల్లో ఈ పొరపాటు తరచూ కనబడుతుంది. ఒక తెగ గురించి తెలిసింది అన్ని తెగలకూ అంటగట్టేస్తారు. బాబాయ్ అడిగింది గట్టి ప్రశ్న. అమ్మాయి దాన్ని దాటవేయలేదు.

అమ్మాయి: సరే, సంప్రదాయం అన్న మాట వదిలేస్తాను. పెంట చుట్టూ, నడిచే దారుల పక్కన గడ్డి కాల్చేవాళ్లమని, పాములూ ఎలుగులూ కనబడటానికని పెంటల్లో పెద్దవాళ్లు చెబుతారు. అంతవరకే తీసుకుందాం. నా వాదం పూర్వీకుల మీద ఆధారపడలేదు. ఇవాళ ఆ అడవిలో పొగ మొదట ఎవరికి కనబడుతుంది? ఆర్పడానికి మొదట ఎవరు చేరగలరు? వాళ్లకు అధికారం లేదు, భయం మాత్రం ఉంది. చలికాలంలో గ్రామసభ తీర్మానంతో నిప్పు పెట్టే అధికారం వాళ్లకు ఇవ్వాలి. నా వాదం అదీ.

బాబాయ్: భయం ఎందుకు? పొగ చూసి చెప్పినవాడిని ఎవరూ ఏమీ అనరు.

అమ్మాయి: చెప్పినవాడినే మొదట అడుగుతారు, ‘నువ్వెందుకు అక్కడికి వెళ్లావు’ అని. తేనెకు వెళ్లినవాడు, తపసి జిగురుకు వెళ్లినవాడు ఆ ప్రశ్నకు జడిసి నోరు మూసుకుంటాడు. అలా పోయే మొదటి గంట ఎంత విలువైనదో మీకంటే ఎవరికి తెలుసు?

బాబాయ్: (కాసేపు ఆగి) తెలుసు. మొదటి గంటలో ముగ్గురు మనుషులు ఆర్పేయగలిగిన మంటను మూడో గంటలో ముప్ఫైమంది ఆర్పలేరు. అడవి మంట ఆర్పడం పట్నంలో ఫైరింజను పనిలాంటిది కాదమ్మా. నీళ్లుండవు. పచ్చి కొమ్మ విరుచుకుని కొట్టాలి. కొత్తవాడు కొమ్మ పైకెత్తి బాదుతాడు, రవ్వలు ఎగిరి వెనక పడతాయి. తెలిసినవాడు కొమ్మను నేలకు అదిమి, కాలిపోయిన వైపుకు ఈడుస్తాడు. ఇప్పుడు ఆకులు ఊదే బ్లోయర్లు వచ్చాయి, చాలా మేలు చేశాయి. కానీ వాటిని మోసుకుని కొండెక్కేది మనిషే. మిట్టమధ్యాహ్నం ఎవరూ ఎదురెళ్లకూడదు. వాలులో మంట పైకి పరిగెడుతుంది, మనిషి పైకి అంత వేగంగా పరిగెత్తలేడు. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగని కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు ఇరవైమందికి పైగా చనిపోయింది వాలు మీది గడ్డి మంటలోనే. అందుకే రాత్రి చల్లబడ్డాక, మంచు దిగాక పని మొదలుపెడతాం. మంట మా చేయి దాటితే ముందుకు వెళ్లి, ఒక వాగో బాటో చూసుకుని, అక్కణ్ణుంచి ఎదురు నిప్పు పెడతాం. రెండు మంటలూ కలిసిన చోట కాలడానికి ఏమీ మిగలదు. ఎదురు నిప్పు ఎక్కడ పెట్టాలో, గాలి ఎప్పుడు తిరుగుతుందో చెప్పేది మాతో వచ్చిన చెంచే. నేను చెప్పింది వాళ్లు చేసిన రోజులకంటే, వాళ్లు చెప్పింది నేను విన్న రోజులే ఎక్కువ.

అమ్మాయి: ఇంత తెలిసీ మీరు...

బాబాయ్: ఆగు. ఉపగ్రహం ఉంది కదా అంటారు కొందరు, దాని సంగతి కూడా చెప్పనీ. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోన్లకు మెసేజ్‌లు వస్తాయి. గొప్ప సాయమే. కానీ అందులో ముఖ్యమైన ఉపగ్రహం మన మీదుగా దాటేది ఇంచుమించు పగలు ఒకటిన్నరకి, రాత్రి ఒకటిన్నరకి. మధ్యాహ్నం మూడింటికి అంటుకున్నది దాని కంట పడేది అర్ధరాత్రి దాటాకే. అదీ 375 మీటర్ల గడిలో ‘ఇక్కడెక్కడో వేడి ఉంది’ అని చెబుతుంది. ఆ గడి ఏ లోయలో ఉందో, దానికి కాలిబాట ఉందో లేదో చెప్పదు. హెలికాప్టర్ల మాట ఇంకొకటి. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు పోశాయి. తిరుమల పక్కనే ఉంది, తప్పదు. నల్లమల మూల బీట్లకు అవి రావు. వచ్చినా, ఆఖరి దుంగను ఆర్పేది నేల మీది మనిషే. దుంగ లోపల రాజుకుంటూ ఉండి మర్నాడు మధ్యాహ్నం గాలికి మళ్లీ లేస్తుంది. కాబట్టి మనిషే కావాలన్న నీ మాట నాకు కొత్త కాదు. నా భయం వేరు.

అమ్మాయి: చెప్పండి.

బాబాయ్: నల్లమలలో నిప్పు పెట్టేది చెంచులే అయితే నీ పథకానికి నేను ఇవాళే సంతకం పెడతాను. తునికాకు త్వరగా చిగురించాలని పెట్టేవాడు ఒకడు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాడు ఇంకొకడు. లేత గడ్డి రావాలని మందల వాళ్లు పెడతారు. ఇక చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచే భక్తులు వేలమంది, కర్ణాటక నుంచే ఎక్కువ. దారిలో వంట చేసుకుంటారు, బీడీ కాలుస్తారు. సరిగ్గా ఆకు బాగా ఎండిన రోజుల్లో. చలికాలంలో గ్రామసభ పేరు మీద నిప్పుకు అనుమతి ఇచ్చామనుకో. ఏప్రిల్‌లో మంద కాసేవాడు పెట్టినదాన్ని కూడా ‘సభ వాళ్లు పెట్టుకున్నారు’ అంటాడు. ఆ నింద మోసేది చెంచు. ఛార్జ్ మెమో మోసేది బీట్ ఆఫీసరు.

అమ్మాయి: ఇప్పుడు ఆ నింద మోస్తున్నది ఎవరు? ఏ అనుమతీ లేకుండానే ప్రతి మంటకూ చెంచుల పేరే చెబుతున్నారు. ఏ వారం, ఏ తావు, ఎంత మేర అన్నది సభ తీర్మానంలో రాసి, శాఖ రిజిస్టరులో ఎక్కించి కాలిస్తే, ఏప్రిల్‌లో వచ్చిన మంట వాళ్లది కాదని చెప్పడానికి కాగితం ఉంటుంది. చట్టం అడ్డమంటారా? వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ మరోసారి చదవండి. అభయారణ్యానికి ముప్పు కలిగించే తీరున నిప్పు పెట్టకూడదంటుంది. ఏ నిప్పూ వద్దని అనలేదు. అనుంటే మీ ఫైర్ లైన్లే చట్టవిరుద్ధం. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కు గ్రామసభకు ఇచ్చింది. టైగర్ రిజర్వులకు కూడా అది వర్తిస్తుంది.

బాబాయ్: 30 ఒక్కటే చదివితే సరిపోదు, 29 కూడా చదువు. వన్యప్రాణుల ఆవాసాన్ని దెబ్బతీసే ఏ పనికైనా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కింది ఉద్యోగి ధైర్యం మీద వదలకుండా, ఆ అనుమతి పైనుంచే రాతపూర్వకంగా రావాలి. అది వస్తే నా షరతులు చెబుతాను. ఒకటి, గట్ల మీదా నిటారు వాలుల్లోనూ ఎప్పటికీ వద్దు. లంటానా ఉన్నచోట ముందు వేరుతో సహా పెరికించాలి, అంతవరకూ నిప్పు మాటే ఎత్తకూడదు. ఒకసారి కాలిన తావు మళ్లీ మూడు, నాలుగేళ్ల దాకా కాలకూడదు, మొలక తలెత్తే వ్యవధి ఇవ్వాలి. కాల్చేముందు మనుషులు వరసగా నడిచి తాబేళ్లనీ, అలుగుల్నీ, గుడ్లు పెట్టిన పిట్టల్నీ చూసుకోవాలి. జనవరి దాటిందంటే ఎవరు అడిగినా సరే, నిప్పు బంద్.

అమ్మాయి: ఇవి షరతులు కావు బాబాయ్, నేను రాయాల్సిన పథకమే మీరు చెప్పారు. ఒక్కటి కలపండి. ఇప్పచెట్టు కింద కాల్చవద్దంటే ఊడ్చడానికి కూలి ఇవ్వాలి. తునికికి ప్రూనింగ్ పనులు వేళకు జరగాలి. ఫైర్ వాచరు కూలి నెల నెలా చేతికందాలి. కూలి రాని ఇంట్లో కాపలా నిలవదు.

బాబాయ్: కూలి సంగతిలో నేను నీకంటే గట్టిగా మాట్లాడతాను. కానీ ఒకటి గుర్తుంచుకో. పెంట వదిలి కాలనీలకు వచ్చేసిన కుర్రవాళ్లకు గాలి చూడటం రాదు. పెద్దవాళ్లకు వచ్చినది వీళ్లకు పుట్టుకతో రాదు. సభకు అధికారం ఇచ్చినంత మాత్రాన ఆ నేర్పు ఒక్క చలికాలంలో తిరిగి రాదు. తప్పిపోయిన మొదటి మంట ఫోటో పేపర్లో పడగానే నీ పథకం మూతపడుతుంది. అప్పుడు ఎవరు నిలబడతారు?

అమ్మాయి: ఆ రోజు మీరు నిలబడతారా?

బాబాయ్: గట్టు మీద కాల్చి ఉంటే నిలబడను. నేను చెప్పినట్టు కాల్చి ఉంటే, అవును, నిలబడతాను. అప్పటికీ నా మాట ఇదే: నల్లమలకు నిప్పు తగ్గాలి, పెరగకూడదు.

అమ్మాయి: తగ్గాలనే నేనూ అంటున్నా. ఏప్రిల్ నిప్పు తగ్గడానికే డిసెంబరు నిప్పు అడుగుతున్నా.

వాళ్లు అక్కడితో ఆపారు, రాజీ పడలేదు. నా మాట అడిగితే నేను అమ్మాయి వైపు, బాబాయ్ పెట్టిన షరతులన్నిటితో. నిప్పు పూర్తిగా లేని నల్లమల కాగితం మీదే ఉంటుంది. వేసవిలో దొంగతనంగా పెట్టే నిప్పుకంటే, చలికాలంలో పదిమంది చూస్తుండగా, రిజిస్టరులో రాసి పెట్టే నిప్పు మేలు. ఆ నిప్పు, అది ఆర్పడానికి రాత్రంతా కొండల్లో తిరిగేవాళ్ల చేతిలోనే ఉండాలి. రెండు రాష్ట్రాల అటవీ శాఖలకూ నా విన్నపం ఒకటే. వచ్చే డిసెంబరుకు ఒకటి రెండు పెంటల గ్రామసభలతో, చదునైన గడ్డి తావుల్లో, చిన్న మేరతో మొదలుపెట్టండి. కాలిన తావులో, కాలని తావులో మొలకలు లెక్కపెట్టి, ఆ లెక్క ఏటా బయటపెట్టండి. పొగ చూసి చెప్పిన చెంచును ‘నువ్వెందుకు వెళ్లావు’ అని అడగవద్దని బీట్ స్థాయి దాకా ఉత్తర్వు పంపండి.

పాఠకులకూ ఒక మాట. ఈ ఉగాదికి మల్లన్న దర్శనానికి అడవి దారిన నడిచి వెళ్లేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, దారిలో పొయ్యి పెట్టవద్దని, బీడీ ముక్క నేల మీద వేయవద్దని చెప్పండి. ఎక్కడైనా పొగ కనబడితే దగ్గరున్న చెక్‌పోస్టులోనో బేస్ క్యాంపులోనో వెంటనే చెప్పి వెళ్లమనండి.